చిట్టి ప్రాణికి పక్క పరిచేముందు...

పంజరం కొంటారు. నీళ్ల సీసా కొంటారు. గిరగిరా తిరిగే చక్రం కొంటారు. ఇంటికొచ్చే దారిలోనే పేరు కూడా పెట్టేస్తారు. అన్నీ అయ్యాక గుర్తొస్తుంది... 'అవునూ, అడుగున ఏం వేయాలి?' అని. 'ఏదో ఒకటి వేసెయ్యండి సార్, ఏం కాదు' అంటాడు దుకాణం కుర్రాడు. ఆ 'ఏదో ఒకటి' మీదే ఆ బుజ్జి ప్రాణి బతుకంతా గడవాలి. దాని తిండీ నిద్రా మలమూత్రాలూ అన్నీ అక్కడే. కుందేలు కావచ్చు, హామ్‌స్టర్ కావచ్చు, కొండచిలువ కావచ్చు... దగ్గు దగ్గర్నుంచి కాలి పుండు దాకా దానికొచ్చే చాలా బాధలకు కారణం వెతికితే పంజరం అడుగునే దొరుకుతుంది.

ఒకప్పుడు హైదరాబాద్‌లో కుందేలు పిల్ల కావాలంటే చార్మినార్ పక్కన ముర్గీచౌక్‌కు పోవాల్సిందే. మిగతా ఊళ్లలోనైతే సంతే దిక్కు. ఇప్పుడు కాలనీకో పెట్ షాపు వచ్చింది. హామ్‌స్టర్లు, గినీ పిగ్‌లు, తెల్ల ఎలుకలు, చారల తాబేళ్లు, అక్కడక్కడా ఇగ్వానాలు, బాల్ పైథాన్లు... పిల్లాడి పుట్టినరోజుకు కుక్కపిల్లను కొనిచ్చేంత చోటు ఫ్లాట్లో లేదు కాబట్టి ఇలాంటి చిన్న ప్రాణులు ఇళ్లలోకి వచ్చేస్తున్నాయి. వాటితోపాటే గులాబీ రంగు వేసిన కాగితపు గుళికలు, లావెండర్ వాసన కొట్టే చెక్కపొట్టు, మెరిసే ఇసుక ప్యాకెట్లు కూడా. చూడ్డానికి భలే ఉంటాయి. ఆ రంగూ వాసనా కొనే మనిషి కోసం. లోపల ఉండేదానికి వాటితో పనిలేదు సరికదా, కీడు కూడా.

ముక్కు ఎక్కడుంది?

ఇల్లు ఊడ్చేటప్పుడు మన ముక్కు నేలకు నాలుగైదడుగుల ఎత్తులో ఉంటుంది. అయినా దుమ్ము లేస్తే తుమ్ములొస్తాయి. హామ్‌స్టర్ ముక్కు ఎక్కడుంటుంది? నేలకు అంగుళం పైన. తవ్వేటప్పుడైతే ఆ అంగుళం కూడా ఉండదు. అది పీల్చే ప్రతి ఊపిరీ పక్క మీదుగా వచ్చిన గాలే.

ఆ పక్కలో మూత్రం పడుతుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొడతాయి. అమ్మోనియా పుడుతుంది. అడుగంతా మూసి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోనో గాజు తొట్టెలోనో అయితే అది బయటికి పోయే దారి తక్కువ. అమ్మోనియా ముక్కులోపలి సన్నటి పొరను ఒరిపిడి పెడుతుంది. అప్పటిదాకా ముక్కులో నక్కి ఉన్న క్రిములకు అదే సందు. కుందేళ్లలో పాశ్చురెల్లా, ఎలుకల్లో మైకోప్లాస్మా ఇలాగే రెచ్చిపోతాయి. కుందేలు మామూలుగా నోటితో గాలి పీల్చుకోదు. ముక్కు మూసుకుపోతే దాని పని అయిపోయినట్టే. ముక్కు కారుతుంటే ముందుకాళ్లతో తుడుచుకుంటుంది. అందుకే జలుబు చేసిన కుందేలును ముక్కు చూసి కాదు, ముందరి పాదాల లోపలి బొచ్చు చూసి పట్టేస్తారు పశువైద్యులు. అక్కడ బొచ్చు అట్టకట్టి ఉంటుంది.

కోళ్లఫారాలు నడిపేవాళ్లకు ఈ అమ్మోనియా సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండాయంటే లిట్టర్ పాడైందని అర్థం. వాళ్లు చేసే చిన్న పరీక్ష ఒకటుంది. అడుగున వేసిన ఊకను గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిసుకుతారు. గుప్పిట విప్పగానే పొడిపొడిగా రాలిపోతే మంచిది. ముద్దకట్టి లడ్డూలా నిలబడిందంటే తేమ ఎక్కువైనట్టు. ఇంట్లో కుందేలు పంజరానికీ ఈ పరీక్ష అచ్చంగా పనికొస్తుంది. వాసన చూడాలంటే మాత్రం నిలబడి చూస్తే లాభం లేదు. మోకాళ్ల మీద కూర్చుని, దాని ముక్కు ఎత్తుకు మన ముక్కు పెట్టి చూడాలి.

వాసన వస్తోందని అగరొత్తులు వెలిగించడం, పంజరం పక్కన కలరా ఉండలు పడేయడం, ఫినాయిల్‌తో కడిగి అలాగే వదిలేయడం చాలా ఇళ్లలో జరిగేదే. ఇవేవీ అమ్మోనియాను తీసేయవు. దానికి ఇంకో విషం తోడవుతుంది, అంతే. కుందేలు మూత్రంలో సున్నం పాలు ఎక్కువ. అందుకే ట్రే మీద తెల్లగా పెచ్చుకడుతుంది. దానికి ఫినాయిల్ కాదు, వంటింట్లో ఉండే వినెగర్ కాసిని నీళ్లలో కలిపి పోసి, కాసేపుంచి కడిగితే వదులుతుంది. కడిగాక బాగా ఆరనిచ్చి అప్పుడు కొత్త పక్క వేయాలి.

నిద్రమందు బయటపెట్టిన రహస్యం

సామిల్లు నుంచి ఓ సంచీ రంపపు పొట్టు తెచ్చి పోసేయడం మన దగ్గర పాత అలవాటు. చౌక, తడి పీల్చుకుంటుంది, దొరకడం తేలిక. కానీ రంపపు పొట్టు అంటేనే సన్నటి దుమ్ము. పైగా సామిల్లులో ఉదయం ఏ చెట్టు కోశారో, మధ్యాహ్నం ఏది కోశారో ఆ కుప్పకు తెలియదు. కార్పెంటర్ దగ్గరి పొట్టయితే ఇంకా అనుమానం. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొడి అందులో కలిసి ఉంటుంది. దాంట్లో జిగురు ఉంటుంది, ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. దూలానికి చెదలమందు పూసి ఉంటే అదీ ఉంటుంది.

సరే, శుభ్రమైన చెక్క, దుమ్ము లేకుండా చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలేది దొరికిందనుకుందాం. అప్పుడైనా ఏ చెక్క అన్నది చూడాలి. ఎందుకో చెప్పడానికి ఓ అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఎలుకకు నిద్రమందు ఇచ్చి అది ఎన్ని నిమిషాలు పడుకుంటుందో లెక్కపెట్టడం ప్రయోగశాలల్లో మామూలు పరీక్ష. 1960ల్లో అమెరికాలో ఈ లెక్క తప్పడం మొదలైంది. అదే మందు, అదే మోతాదు. అయినా కొన్ని ఎలుకలు తొందరగా లేచి కూర్చుంటున్నాయి. ఆరా తీస్తే తేడా మందులో లేదు, ఎలుకలోనూ లేదు... వాటి కింద పరిచిన రెడ్ సెడార్ చెక్కపొట్టులో ఉంది. 1966లో ఈ సంగతి 'జర్నల్ ఆఫ్ ఫార్మాస్యూటికల్ సైన్సెస్' పత్రికలో వచ్చింది. మర్నాటి ఏడాది, 1967లో, ఎలియట్ వెసెల్ అనే శాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో అసలు కారణం చెప్పారు. సెడార్, పైన్ లాంటి మెత్తచెక్కల్లోంచి వచ్చే ఘాటు ఆవిర్లు ఎలుక కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైములను రెచ్చగొడుతున్నాయి. దాంతో కాలేయం నిద్రమందును కూడా గబగబా కరిగించేస్తోంది. గట్టి చెక్కల పొట్టు మీద ఉంచినవాటిలో ఈ తేడా రాలేదు.

అంటే మనకు 'ఆహా, ఏం వాసన!' అనిపించేది ఆ ప్రాణి కాలేయానికి రాత్రీ పగలూ చాకిరీ అన్నమాట. అమెరికా రెడ్ సెడార్, మన హిమాలయాల దేవదారు ఒకే చెట్టు కావు. కానీ సుగంధ నూనెల ఘాటు విషయంలో ఏదీ తీసిపోదు. చిన్న జంతువుల దగ్గరికీ పాముల దగ్గరికీ రెండింటినీ రానివ్వకపోవడమే మేలు. పైన్‌ను బట్టీలో బాగా ఆరబెడితే ఘాటు చాలావరకు తగ్గుతుంది. విదేశాల్లో అందరూ మెచ్చే ఆస్పెన్ పొట్టు ఇక్కడ దొరికినా దిగుమతి సరుకు, ధర చూస్తే కుందేలు కన్నా పక్కే ఖరీదనిపిస్తుంది. దానికోసం పరుగులు పెట్టక్కర్లేదు. వాసన లేని, రంగు వేయని తెల్ల కాగితాన్ని పీలికలు చేసినా, సాదా టిష్యూ చింపి వేసినా చిన్న జంతువులకు హాయిగా సరిపోతుంది.

వరి ఊక సంగతేమిటి అంటారా? మన దేశంలో చాలా ప్రయోగశాలలు దాన్నే వాడతాయి. అయితే ఆవిరితో శుద్ధి చేసి, దుమ్ము వదిలించి వాడతాయి. మిల్లు నుంచి నేరుగా తెచ్చిన ఊకలో దుమ్ము, నూకలు, పురుగులు అన్నీ ఉంటాయి. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి అంచులు గరుకు. కోడి కాలికి ఫర్వాలేదు. గినీ పిగ్ అరికాలు చంటిపిల్లల అరచెయ్యిలా బోసిగా, మెత్తగా ఉంటుంది. దానికి గుచ్చుకుంటుంది. ఇక వేరుశనగ పొట్టు, మొక్కజొన్న బెండు ముక్కలు... తేమ తగిలితే చాలు, బూజు పట్టేస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో, అందులోనూ కోస్తా జిల్లాల్లో, రెండ్రోజులు చాలు.

ఎనిమిదడుగుల లోతున దొరికిన అమ్మ

హామ్‌స్టర్ పంజరంలో పలచగా ఓ పొర వేసి, పైన ప్లాస్టిక్ ఇల్లు పెట్టి 'ఎంత బాగుందో' అనుకుంటాం. అర్ధరాత్రి అది పంజరం కడ్డీలు కొరుకుతూ టకటకమంటుంటే 'అల్లరి ఎక్కువైంది' అనీ అనుకుంటాం.

1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతు శాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర ఓ గోధుమచేలో గోల్డెన్ హామ్‌స్టర్ కోసం తవ్వించాడు. తవ్వగా తవ్వగా ఎనిమిదడుగుల లోతున దొరికింది... తల్లి, దానితోపాటు పదకొండు పిల్లలు. ఇవాళ ప్రపంచంలో ఇళ్లలో, ప్రయోగశాలల్లో తిరుగుతున్న గోల్డెన్ హామ్‌స్టర్లు దాదాపుగా ఆ పిల్లల సంతానమే. అంత లోతున బతికే జాతికి మనం వేస్తున్నది రెండు వేళ్ల మందం పక్క!

2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఇదే పరీక్షించి చూశారు. కొన్ని హామ్‌స్టర్లకు 10 సెంటీమీటర్లు, కొన్నిటికి 40, కొన్నిటికి 80 సెంటీమీటర్ల లోతున పక్క వేశారు. 10 సెంటీమీటర్ల వాటిలో కడ్డీలు కొరకడం మిగతావాటికన్నా ఎక్కువ కనిపించింది. చక్రం మీద పరుగులు కూడా. మనం ఆట అనుకునేది దాని తికమక కావచ్చన్నమాట.

ఇంట్లో 80 సెంటీమీటర్లు కుదరదు, నిజమే. కనీసం జానెడు లోతుకు తగ్గకుండా వేయొచ్చు. కడ్డీల పంజరంలో అంత పోస్తే అంతా బయటికి రాలిపోతుంది కాబట్టి వాడకుండా మూలన పడేసిన అక్వేరియమో, పెద్ద ప్లాస్టిక్ టబ్బో తీసుకుని పైన జాలీ మూత పెడితే సరి. కాగితపు పీలికలు, దుమ్ములేని చెక్క చుట్టలు, నాలుగు గుప్పిళ్ల ఎండుగడ్డి కలిపి చేత్తో అదిమితే సొరంగం కూలకుండా నిలుస్తుంది. ఒట్టి చెక్కపొట్టయితే కూలిపోతుంది. పైన పెట్టే బరువైన వస్తువులు, అంటే చక్రం, గిన్నెలు, ఓ చెక్క పలక మీద ఉండాలి. లేకపోతే కింద తవ్వుకుంటున్నదాని మీద పడతాయి.

ప్రేమతో చేసే పొరపాటు మరొకటుంది... దూది. చలికి వణుకుతుందని దూది ఉండలు లోపల పెడతారు. దుకాణాల్లో గూటి కోసమని మెత్తటి నూలు పోగుల ప్యాకెట్లు కూడా అమ్ముతారు. హామ్‌స్టర్ వాటిని బుగ్గసంచుల్లో కుక్కుకుంటుంది. పోగులు అక్కడే చుట్టుకుపోతాయి. మింగితే పేగులో అడ్డుపడతాయి. కాలికి చుట్టుకుంటే బిగిసి రక్తం ఆగిపోతుంది. పొద్దున చూసేసరికి కాలు నల్లబడి ఉంటుంది. అంత చిన్న కాలికి చేయగల వైద్యం కూడా తక్కువే. పాత చీర ముక్క, అంచు ఊడిన తువ్వాలు కూడా ఇదే జాబితాలోవి. దారం లేచినదేదీ వద్దు. టిష్యూ కాగితం నీళ్లు తగిలితే విడిపోతుంది, లాగితే తెగిపోతుంది. దానికి అదే చాలు.

శుభ్రం మీద మరీ శ్రద్ధ ఎక్కువైన ఇళ్లలో వారానికోసారి మొత్తం పారబోసి, కడిగి, కొత్తగా పోసేస్తారు. హామ్‌స్టర్‌కు వాసనే ఇంటి గుర్తు. అన్నీ ఒక్కసారి తీసేస్తే దానికి ఇల్లు పోయినట్టే. మూత్రం పోసే మూల మాత్రం రెండు మూడ్రోజులకోసారి తీసేసి, మిగతాది కొంచెం కొంచెంగా మారుస్తూ, పాతది ఓ రెండు గుప్పిళ్లు కొత్తదాంట్లో కలపాలి. పిల్లలు పెట్టిందంటే ఓ రెండు వారాలు గూటి జోలికే పోకూడదు. కంగారు పడితే తల్లి పిల్లల్ని తినేస్తుంది. ఆ దృశ్యం చూసిన పసివాళ్లు చాలాకాలం మర్చిపోరు.

తీగ మీద కుందేలు

కుక్కకూ పిల్లికీ అరికాళ్లలో మెత్తటి గుబ్బలుంటాయి. కుందేలుకు ఉండవు. ఒట్టి బొచ్చే. ఆ బొచ్చుతో అది మట్టి మీద, గడ్డి మీద పరుగెత్తాలి. మనం మాత్రం ఇనుప తీగ జాలీ మీద నిలబెడతాం. పెంట కిందికి రాలిపోతుంది, మనకు పని తగ్గుతుంది. దాని బరువంతా తీగ మీద సన్నటి గీతల్లాగా పడుతుంది. కొన్నాళ్లకు మడమ దగ్గర బొచ్చు ఊడుతుంది, తోలు ఎర్రబడుతుంది, పుండవుతుంది, చీము పడుతుంది. ముదిరితే ఎముక దాకా పోతుంది. కుందేలు అరవదు, కుంటుతూ చూపించదు. ఓ మూలకు ముడుచుకుని కూర్చుంటుంది. 'మా కుందేలు భలే నెమ్మది' అని మురిసిపోతాం.

వారానికి ఒకసారి దాన్ని ఒళ్లో పెట్టుకుని వెనక పాదాలు తిప్పి చూస్తే చాలు, ఈ ముప్పు ముందే తెలిసిపోతుంది. జాలీ పంజరం ఉన్నవాళ్లు పారేయక్కర్లేదు. సగానికి పైగా గట్టి పలక వేసి, దాని మీద మందంగా ఎండుగడ్డి పరవాలి. కుందేలుకు, గినీ పిగ్‌కు ఎండుగడ్డి పక్కే కాదు, కంచం కూడా. రోజంతా అది నములుతూ ఉండాలి, లేకపోతే పళ్లు పెరిగిపోతాయి, పేగు ఆగిపోతుంది. అందుకని తినే గడ్డి ఓ మూల వేరే పెట్టి, పడుకునే గడ్డి వేరేగా వేయాలి. వరిగడ్డి పక్కకు బాగానే ఉంటుంది కానీ తిండిగా దాంట్లో పస లేదు. మొద్దుగా బిరుసుగా ఉన్న పరకలు కళ్లలో గుచ్చుకుంటాయి కాబట్టి కొంచెం నలిపి వేయాలి. ఏ గడ్డయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండ వాసన రావాలి. ముక్కిన వాసన వచ్చిందంటే కుందేలుకు కాదు, గేదెకు కూడా వేయకూడదు.

పిల్లుల కోసం అమ్మే, తడి తగిలితే ఉండకట్టే మట్టిని కుందేలు ట్రేలో పోసేవాళ్లున్నారు. కుందేలు ఏదైనా నోట్లో పెట్టుకుని చూసే రకం. ఆ మట్టి కడుపులో కూడా ఉండే కడుతుంది.

మరి రోహిణి కార్తెలో? ముప్పై డిగ్రీలు దాటితేనే కుందేలు ఒగరుస్తుంది. మన ఎండలు నలభై పైమాటే. పంజరం మీద తడి గోనెసంచి కప్పడం మంచి ఉపాయమే, కానీ ఆ నీళ్లు కారి గడ్డి తడిస్తే ఈగలు వాలతాయి. తడిసిన బొచ్చులో, వెనకభాగంలో గుడ్లు పెడతాయి. ఒక్కరోజులో పురుగులు పుట్టి బతికున్న కుందేలునే తొలిచేస్తాయి. వేసవిలోనూ వానల్లోనూ రోజుకు రెండుసార్లు దాని తోక కింద చూడమని చెప్పేది ఇందుకే. గోనె పంజరం పక్కన వేలాడదీసి, లోపల ఓ తాండూరు బండ ముక్క పెడితే హాయిగా దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. సగం గడ్డి, సగం బండ. ఎక్కడ పడుకోవాలో దానికే బాగా తెలుసు.

ఇంకోమాట. తెల్ల కాగితం పరిచినప్పుడు దాని మీద నారింజ రంగో, ఎర్రటిదో మూత్రం కనిపించి హడలిపోయేవాళ్లుంటారు. తిన్న ఆకుల్లోని రంగుల వల్ల కుందేలు మూత్రం ఒక్కోసారి అలా వస్తుంది. ఓ రోజులో సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా డాక్టరుకు చూపించాల్సిందే.

పేపరు పరవొచ్చా?

చదివేసిన దినపత్రికకు ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదని చాలామంది నమ్మకం. అడుగున నాలుగు పొరలు పరిచి, పైన గడ్డి వేస్తే నిక్షేపంగా పనిచేస్తుంది. ఒట్టి పేపరు మీద మాత్రం గోళ్లు జారతాయి, తడి పైనే నిలుస్తుంది. కొరికి తినేవాటికి సిరా అందకుండా చూడాలి. బజ్జీలు పేపర్లో కట్టివ్వొద్దని మన ఆహార భద్రతా సంస్థ 2016 నుంచి చెబుతూనే ఉంది. మనిషికి పనికిరానిది గినీ పిగ్‌కు మాత్రం ఎందుకు? నున్నటి మెరుపు కాగితం అయితే అసలు తడే పీల్చదు. కాబట్టి ఆదివారం అనుబంధాన్ని ఆ కొలువు నుంచి మినహాయించవచ్చు!

ఒక్క చోట మాత్రం పేపరును మించింది లేదు. కొత్తగా ఇంటికొచ్చిన పాము, బల్లి జాతి ప్రాణుల కింద మొదటి నెలా రెండు నెలలు ఒట్టి కాగితమే పరవాలి. అప్పుడే దాని విసర్జన ఎలా ఉందో కనిపిస్తుంది. ఒంటి మీంచి నల్లటి చుక్కల్లా రాలే పిడుదులు, మైట్స్ కనిపిస్తాయి. మొదటి రోజే అందమైన అడవి సెట్టింగు వేసేస్తే అవన్నీ అందులో దాక్కుంటాయి.

ఇసుక తిన్న బల్లి, కుబుసం విడవని పాము

సరీసృపాల దగ్గరికి వచ్చేముందు చట్టం సంగతి. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొందరు దాచుకునే నక్షత్ర తాబేలుకు ఏ పక్క వేయాలన్న ప్రశ్నే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఉంచుకోవడమే నేరం. మన అడవుల్లోని ఉడుములు, పాములు కూడా అంతే. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జాతులను పెంచుకునేవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ 'పరివేష్' పోర్టల్లో నమోదు చేయించుకోవాలి. బాల్ పైథాన్, ఇగ్వానా అలాంటివే. కొనేటప్పుడే కాగితాలు అడగాలి.

లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లిని కొంటే దాంతోపాటు ఓ ఇసుక ప్యాకెట్ అంటగడతారు. ఎడారి బల్లి కదా అని. నిజానికి అది పుట్టిన పాకిస్థాన్, అఫ్గానిస్థాన్ వైపు నేల వదులు ఇసుక కాదు, రాళ్లతో గట్టిపడిన మన్ను. పురుగును పట్టబోయి నోరు వేస్తే ఇసుక కూడా లోపలికి పోతుంది. ఒంట్లో కాల్షియం తగ్గినప్పుడైతే కావాలనే నాకుతుంది. 'కాల్షియం ఇసుక' అని అమ్మేది మరీ ప్రమాదం. రుచిగా ఉండబట్టి ఇంకా ఎక్కువ తింటుంది. పేగులో గడ్డకట్టి, విసర్జన ఆగి, తిండి మానేసి, తోక సన్నబడి చచ్చిపోతుంది. నున్నటి టైలు, కాగితం, గరుకు పలక... వీటిలో ఏదైనా దానికి నష్టం లేదు. అన్నట్టు కడుపు కింద వెచ్చదనం లేకపోతే ఏ పక్క వేసినా తిన్నది అరగదు. ఇసుక మీదికి పోయే నింద కొంత ఆ వేడి లేకపోవడానిది కూడా.

పాము సంగతి వేరు. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికాది. ఎలుక బొరియల్లో తలదాచుకునే రకం. దానికి కొంచెం తేమ కావాలి. మరీ పొడిగా ఉంటే కుబుసం ఒక్క తొడుగులా ఊడిరాదు, ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది. కంటి మీది పొర అలాగే ఉండిపోతుంది. అది చూసి గోటితో గీకేస్తే కన్ను పోతుంది. అలాగని పక్కంతా తడిపేస్తే పొట్ట కింది పొలుసుల మీద బొబ్బలొస్తాయి. ఇక్కడ మన కోనసీమ సరుకు బంగారం... కొబ్బరిపీచు పొట్టు. ఎండిన ఇటుకల్లా దొరికేదాన్ని మంచినీళ్లలో నానబెట్టి, రెండు మూడు సార్లు ఉప్పు పోయేలా కడిగి, గట్టిగా పిండి, నీడన ఆరబెట్టి వేయాలి. గుప్పిట్లో పట్టుకుంటే చల్లగా తగలాలి, నీటి చుక్క రాకూడదు. ఎండి పొడైతే మళ్లీ దుమ్ము. తిండి మాత్రం వేరే డబ్బాలోనో పళ్లెంలోనో పెడితే పొట్టు నోట్లోకి పోదు.

అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లలో కనిపించేది చెవి పక్కన ఎర్ర చార ఉన్న చిట్టి తాబేలు, రెడ్ ఇయర్డ్ స్లైడర్. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉండగా కొంటారు. అన్నం పళ్లెమంత అవుతుందని ఎవరూ చెప్పరు. దాని తొట్టెలో రంగు రంగుల గులకరాళ్లు పోస్తారు. చిన్న రాయి కనిపిస్తే నోట్లో వేసుకోవడం దాని అలవాటు. రాయి అన్నది తాబేలు తలకన్నా పెద్దదై ఉండాలి, లేదంటే అడుగు ఖాళీగా వదిలేయాలి. ఖాళీగా ఉంటే శుభ్రం చేయడమూ తేలికే. పెంచలేక చెరువులో వదిలేయడం మాత్రం చేయకూడదు. మన చెరువుల్లోని తాబేళ్ల కూడు అది లాక్కుంటుంది.

వంటింటి సింకు వద్దు

ఈ తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. వాటికేమీ కాదు. పసిపిల్లలకు మాత్రం వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. బుజ్జి తాబేళ్లను నోట్లో పెట్టుకుని పిల్లలు జబ్బు పడుతుంటే, 1975లో అమెరికా ప్రభుత్వం నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించింది. బల్లులు, పాములు కూడా ఈ క్రిమిని మోస్తాయి. వాటి కింది పక్క అంటే ఆ క్రిమి ఉన్న పక్కే. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు ఉన్న ఇంట్లో పాము, తాబేలు తొట్టెలు కడిగే పని వాళ్లకు అప్పగించకూడదు. తొట్టెను వంటింటి సింకులో కడగడం, ఆ నీళ్లు గిన్నెలు తోమే చోట పారబోయడం అస్సలు వద్దు. బాత్రూములో, వేరే బకెట్‌తో, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని... అంతే.

కుందేలు, గినీ పిగ్ పక్క మాత్రం పారేయక్కర్లేదు. గడ్డి, కాగితం, పెంట కలిసిన ఆ చెత్త కుండీల్లోని మొక్కలకు మంచి ఎరువు. నాలుగైదు నెలలు మగ్గనిచ్చి వేస్తే చాలు. పాము, తాబేలుది ఆకుకూరల మడిలో వేయకూడదు. మూటకట్టి చెత్తబండికి ఇచ్చేయాలి.

మంచి పక్క వేసినా ఒక్కోసారి ప్రాణి తుమ్ముతుంది, తిండి మానేస్తుంది. పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు పంజరం కడిగి, కొత్త పక్క వేసి, ముస్తాబు చేసి తీసుకెళ్తుంటారు కొందరు. ఆ పని వద్దు. దాని కింద ఉన్నది ఉన్నట్టుగా ఓ గుప్పెడు ప్లాస్టిక్ కవర్లో వేసి, కొన్న ప్యాకెట్ మీది లేబుల్ కూడా చింపి, వెంట తీసుకెళ్లాలి. డాక్టరు ముందు వాసన చూసేది దాన్నే.